మురిగిపోయే పద్దు

మార్చి నెల మా ఆఫీసు
ఐసు లేని చేపలబుట్ట.
ముప్ఫై ఒకటి రాత్రి పన్నెండు కొట్టేలోగా
ఖర్చు కాని నిధులు మురిగిపోతాయి.
ఈ మాట తెలుగులో అనుకుంటాను,
తమిళంలో నోటు పెడతాను,
ఇంగ్లీషులో ఢిల్లీకి పంపుతాను.
కంపు మాత్రం మొదటి భాషలోనే కొడుతుంది.

తీర రక్షణ పథకం, రెండో విడత.
కాశిమేడు స్టేషనుకి వచ్చినవి:
రాత్రి చూపు దుర్భిణులు నాలుగు.
బ్యాటరీలది వేరే పద్దు, అది ఇంకా రాలేదు.
గస్తీ పడవ ఒకటి,
గంటకి ముప్ఫై అయిదు మైళ్ళు దూకుతుందట.
డీజిల్ కోటా ప్రకారం శత్రువు
మంగళవారం, శుక్రవారం మాత్రమే రావాలి.
గోడ లేని ద్వారబంధం లాంటి మెటల్ డిటెక్టరు.
వేలంపాట షెడ్డు ముందు నిలబెట్టాం.
కోత కత్తులతో ఆడవాళ్ళు వస్తూ పోతూ ఉంటే
కూసి కూసి
మూడో రోజుకి దాని గొంతు పోయింది.

మాక్ డ్రిల్లు కింద ఇంకా డబ్బు మిగిలింది.
ఇన్‌స్పెక్టరు ఆరుగురిని పిలిపించాడు,
ఒక రాత్రికి ముష్కరులుగా ఉండమని.
ఆరోవాడు పామంజి కోదండం.
తాతల నాడు నెల్లూరు తీరం నుంచి
వలతో సహా వచ్చేసిన కుటుంబం.
తలకి నాలుగొందలు, బిర్యానీ పొట్లం,
భుజాన ఇసుక సంచి. అదే బాంబు.

అయిదుగురు దొరికారు.
పొద్దున ఏడింటికి కోదండం తనే వచ్చి
సంచి నా బల్ల మీద పెట్టి
"ఇది పేలినట్టా, పేలనట్టా సార్?" అన్నాడు.

ఎట్లా వచ్చావయ్యా?
"ఇంజను ఆపి నీటివాలుకి వదిలేశా.
మీ లైటు చుట్టి రావడానికి నలభై లెక్కపెట్టాల.
నేను ముప్ఫైకే ఒడ్డెక్కినా."
ఎవరూ చూడలేదా?
"ఎండుచేపల అంకమ్మ.
చూళ్ళేదు, వినింది.
ఇసక గీకే చప్పుడు మన పడవది కాదే, ఎవుర్రా, అనింది.
పోలీసోళ్ళ పడవ అత్తా, నేనే, అన్నా.
అయితే ఆ సంచి దించి టీ తాగు, అనింది."

నివేదికలో అంకమ్మకి చోటు లేదు.
"ప్రజల అప్రమత్తత: సంతృప్తికరం" అని రాశాను.
దాని పక్క గడి పద్దు సంఖ్య అడుగుతుంది,
ఖాళీగా వదిలితే ఫారం ముందుకి కదలదు.
"ఇతరములు" అని నింపాను.

ఇక రసీదు మీద వేలిముద్ర.
ఇదే నిధితో కొన్న కొత్త యంత్రం
కోదండం వేలిని ఏడుసార్లు కాదంది.
ముప్ఫై ఏళ్ళు తాడు లాగిన వేలు,
గీతలన్నీ వల తినేసింది.
జాలరి కార్డు కూడా అందుకే చేతికి రాలేదట.
కార్డు లేదని పులికాట్ దగ్గర
గస్తీవాళ్ళు రెండుసార్లు పట్టుకున్నారట.
"అప్పుడు మాత్రం దొరికినా సార్,"
నవ్వాడు,
"చేపలు తెస్తా ఉంటే."

జూన్‌లో ఆడిట్ అభ్యంతరం వచ్చింది:
ముష్కరుడు, ఆరో నంబరు. గుర్తింపు రుజువు కాలేదు.
చెల్లించిన నాలుగొందలు తిరిగి రాబట్టవలెను.
ఎవరి దగ్గరనుంచో రాయలేదు.
చాకలిపేట బ్యాంకులో నేనే కట్టి
చలానా ఫైలుకి కుట్టేశాను.
గస్తీ పడవ అడుగున అప్పటికే
నత్తలు కాపురం పెట్టాయి.

నిన్న రాత్రి కుప్పం మీదుగా ఇంటికి పోతున్నాను.
చీకట్లో ఎక్కడో
ఒక పడవ అడుగు ఇసకని గీకింది.
ఆగి విన్నాను.
మనదో కాదో
పద్దులు రాసే చెవికి ఏం తెలుస్తుంది?
అంకమ్మ గుడిసె వైపు చూశాను.
దీపం వెలగలేదు.
మనదే అయ్యుంటుంది.